మెయిలు సంతకం కింద విజిటింగ్ కార్డు

ప్రశ్న: మాది ఒంగోలు. చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ స్లాబుల వ్యాపారం నాన్నగారు చాలా ఏళ్లుగా చేస్తున్నారు. రెండేళ్లుగా మెయిళ్లన్నీ నేనే చూస్తున్నాను. బెంగళూరులో స్టోనా అనే రాతి పరిశ్రమ ప్రదర్శనకు వెళ్లినప్పుడు నాన్నగారు 500 కార్డులు పంచి వచ్చారు. అయినా మాతో నెలల తరబడి మెయిళ్లు నడిపే కొనుగోలుదారులే మళ్లీ మళ్లీ ‘మీ నంబరు ఒకసారి పంపండి’ అని అడుగుతున్నారు. ఒక సంస్థ వారు ఏటా రుసుము కడితే డిజిటల్ కార్డు తయారుచేసి, క్యూఆర్ కోడ్‌తో సహా మెయిలు సంతకంలో పెట్టి ఇస్తామంటున్నారు. మా అన్నయ్యేమో ‘అది డబ్బు దండగ, మన పేరూ నంబరూ ఉండే వీసీఎఫ్ ఫైలు ఒకటి ప్రతి మెయిలుకూ జతచేస్తే సరిపోతుంది’ అంటున్నాడు. మాకు చిన్న వెబ్‌సైటు ఉంది. నాకు కంప్యూటర్ పరిజ్ఞానం అంతంత మాత్రమే. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం:

అమ్మా, నెలల తరబడి మెయిళ్లు నడిపేవారే నంబరు అడుగుతున్నారని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మీ నంబరు వారి దగ్గర లేక కాదు. ఏదో పాత మెయిలు అడుగున ఉండే ఉంటుంది. అది వారి ఫోనులోకి మాత్రం ఎక్కలేదు. కార్డు కాగితానిదైనా, డిజిటల్‌దైనా, మీ పేరూ నంబరూ తప్పుల్లేకుండా అవతలివారి ఫోనులో చేరితేనే దాని పని అయినట్టు. మీరు అడిగినవాటన్నిటినీ ఈ ఒక్క కొలతతోనే చూస్తాను.

ఆ సంస్థకు రుసుము కట్టకండి. మీ అన్నయ్య చెప్పిన వీసీఎఫ్ సరైన వస్తువే, కానీ ప్రతి మెయిలుకూ జతచేయకండి. ఆ ఫైలును మీ వెబ్‌సైటులో ఉంచి, దాని లింకును సంతకం కింద ఒక వరుసగా పెట్టండి. క్యూఆర్ కోడ్‌కు కాగితం మీద చోటివ్వండి, మెయిలులో వద్దు. ఎందుకో, ఎలాగో ఇప్పుడు చెబుతాను.

వీసీఎఫ్ అనేది వీకార్డ్ అనే పద్ధతిలో రాసిన ఫైలు. ఆపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి ఏర్పరచిన వర్సిట్ అనే కూటమి 1995లో దీన్ని రూపొందించింది. 1998లో దాని 3.0 రూపం, 2011లో 4.0 రూపం ఇంటర్నెట్ ప్రమాణాలుగా వెలువడ్డాయి. మీరు 3.0నే వాడండి. పాత ఫోనూ కొత్త ఫోనూ, ఐఫోనూ ఆండ్రాయిడూ తడబడకుండా చదివేది అదే. ఇన్నేళ్లు గడిచినా ఈ పద్ధతి చెక్కుచెదరకుండా నిలవడానికి కారణం దాని సాదాతనం. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు అక్షరాలే కనిపిస్తాయి. మొదటి వరుస కార్డు మొదలైందని చెబుతుంది, చివరి వరుస ముగిసిందని చెబుతుంది. నడుమ పేరుకు ఒక వరుస, సంస్థకు ఒకటి, ఫోనుకు ఒకటి, మెయిలుకు ఒకటి. ఏ సంస్థ మూతపడినా ఈ ఫైలు పనిచేస్తూనే ఉంటుంది. రుసుము కట్టి తీసుకునే కార్డు అలా కాదు. అది వారి వెబ్‌సైటులో ఉండే ఒక పేజీ. మీరు కట్టడం మానేస్తే, లేదా వారే దుకాణం కట్టేస్తే, మీరు పంపిన వేల మెయిళ్ల కింద ఉన్న లింకులన్నీ ఒకే రోజున చచ్చిపోతాయి. యాభై మంది ఉద్యోగులుండి, హోదాలూ నంబర్లూ తరచుగా మారిపోయే కంపెనీకి అలాంటి సేవ వల్ల లాభం ఉండవచ్చు. తండ్రీకూతుళ్లు నడిపే వ్యాపారానికి నెత్తిన ఏటేటా ఆ బరువు ఎందుకు?

ఇక అన్నయ్య మాట. ఒకసారి నేను ఒక ముద్రణాలయంతో పుస్తకం పని మీద మెయిళ్లు నడిపాను. వారు పంపే ప్రతి జవాబుకూ ఒక వీసీఎఫ్ అంటుకొని వచ్చేది. నెల తిరిగేసరికి మెయిలు పెట్టెలో ఎక్కడ చూసినా జతపరిచిన ఫైలు గుర్తే. అసలు ప్రూఫు ఏ మెయిలుతో వచ్చిందో వెతుక్కోవడానికి ఒక పూట పట్టింది. పైగా వారి నంబరు మధ్యలో ఒకసారి మారింది. పాత నంబరున్న ఫైళ్లు పదిహేను, కొత్త నంబరున్నవి ఆరు నా దగ్గర పోగుపడ్డాయి. మీ వ్యాపారంలో ఇది ఇంకా ఇబ్బంది. మీరు స్లాబుల ఫొటోలు, కొలతల పట్టికలు, ప్రొఫార్మా ఇన్వాయిస్‌లు పంపుతారు. వాటి పక్కన ప్రతిసారీ ఒక అక్కరలేని ఫైలు ఉంటే కొనుగోలుదారు కన్ను అసలు కాగితం మీద నిలవదు. కొన్ని కంపెనీల మెయిలు వ్యవస్థలు ముక్కూమొహం తెలియని వారి నుంచి వచ్చే జతఫైళ్లను అనుమానంగా చూస్తాయి, కొన్నిటిని ఆపేస్తాయి కూడా. కొత్త కొనుగోలుదారుకు మీరు రాసే మొదటి మెయిలే ఆగిపోతే ఎంత నష్టం! పాత ఔట్‌లుక్‌లో సంతకం రాసే పెట్టెలో ‘బిజినెస్ కార్డ్’ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కినా జరిగేది ఇదే, ప్రతి మెయిలుకూ ఫైలు తగులుకుంటుంది. మంచి పేరున్న మీట కదా అని మోసపోకండి.

జతచేయకుండా లింకు పెడితే మీకు ఇంకో సౌకర్యం ఉంది. రేపు నంబరు మారితే వెబ్‌సైటులో ఉన్న ఒక్క ఫైలును మారుస్తారు. అంతకుముందు పంపిన మెయిళ్ల కింది లింకులన్నీ అప్పటి నుంచి కొత్త నంబరునే ఇస్తాయి. ముందే దాచుకున్నవారి ఫోనులో మాత్రం పాతదే ఉంటుంది, వారికి మీరు విడిగా చెప్పుకోవాలి.

ఇప్పుడు ఫైలు తయారుచేయడం. కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి మీ పేరుతో కొత్త కాంటాక్టు సృష్టించండి. పేరు, సంస్థ, హోదా, వ్యాపార ఫోను, మెయిలు, వెబ్‌సైటు, కార్యాలయ చిరునామా నింపండి. తర్వాత ఆ ఒక్క కాంటాక్టును ఎంచుకొని ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే మూడు రకాలు చూపిస్తుంది. వాటిలో వీకార్డ్ అన్నదాన్ని ఎంచుకోండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కాంటాక్టును ఎంచుకోవడం మరిచిపోయి ఎక్స్‌పోర్ట్ నొక్కితే మీ ఫోను పుస్తకం మొత్తం ఆ ఫైలులోకి వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని వెబ్‌సైటులో పెడితే మీ బంధువులు, క్వారీ యజమానులు, పోటీ వ్యాపారులు, రవాణావారు, అందరి నంబర్లూ ఊరందరి చేతుల్లో పడతాయి. అందుకే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసి తీరాలి. కార్డు మొదలైందని చెప్పే ‘BEGIN:VCARD’ అనే వరుస ఒక్కటే ఉండాలి. రెండోది కనిపిస్తే ఫైలును చెరిపేసి మళ్లీ మొదటి నుంచి చేయండి. ఫోనులో ఇప్పటికే ఉన్న మీ సొంత కాంటాక్టును వాడకండి. అందులో ఇంటి చిరునామా, పుట్టినరోజు, ఎప్పుడో రాసుకున్న గమనికలు ఉండవచ్చు. గమనికల గడి మన కంటికి త్వరగా కనబడదు. పాన్ నంబరు, బ్యాంకు ఖాతా అందులో రాసి పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

పేరు రాయడంలో మన తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వీకార్డ్ ఫైలులో పేరుకు రెండు వరుసలుంటాయి. ఒకదాంట్లో పేరును ముక్కలు చేసి రాస్తారు. అందులో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత, అచ్చం మనం రాసుకునే వరుసే. రెండోదాంట్లో పూర్తి పేరు ఎలా కనిపించాలో అలా రాస్తారు. కానీ చాలా ఫోన్లు మొదటి వరుసలోని ముక్కలను తీసుకొని, సొంత పేరు ముందుకూ ఇంటిపేరు వెనక్కీ జరిపి చూపిస్తాయి. కె. లక్ష్మి అని పిలిపించుకునే వ్యక్తి అవతలి ఫోనులో ‘లక్ష్మి కె’ అయిపోతుంది. లేదా ఇంటిపేరు గడిలో ఉత్త ‘కె’ మిగిలి, కె అక్షరం కింద ఎక్కడో చేరి ఎవరికీ దొరకకుండా పోతుంది. అందువల్ల పొడి అక్షరాలు వద్దు. ఇంటిపేరును పూర్తిగా దాని గడిలో, పేరును దాని గడిలో రాయండి. ముందువెనుకలు మారినా పేరు నిలుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది సంస్థ పేరు. ఆరు నెలల తర్వాత జైపూర్‌లోనో ఇటలీలోనో ఉన్న కొనుగోలుదారుకు మీ పేరు గుర్తుండదు. నల్లరాతిలో బంగారు చుక్కలు గుర్తుంటాయి. అతడు ఫోనులో ‘గ్యాలక్సీ’ అని కొట్టి వెతుకుతాడు. మీ సంస్థ పేరులో ఆ మాట లేకపోతే, సంస్థ గడిలోనే పేరు పక్కన ‘బ్లాక్ గ్యాలక్సీ స్లాబులు, చీమకుర్తి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చండి. కాగితపు కార్డు మీద ఇది కాస్త ఎబ్బెట్టుగా ఉండవచ్చు కానీ, ఫోనులో దొరికేలా చేసేది ఇదే. ప్రదర్శన నుంచి తిరిగి వచ్చినవారి ఫోనులో ‘గ్రానైట్స్’ అని ముగిసే పేర్లు ఎన్నో ఉంటాయి. వాటిలో మీరెవరో తెలియాలి కదా.

తెలుగులో కూడా పేరు పెట్టాలనే కోరిక మీకుంటే తప్పకుండా పెట్టండి. నాకూ అది ఇష్టం. అయితే ప్రధానమైన పేరు గడిలో ఇంగ్లీషు అక్షరాలుంచి, ముద్దుపేరు గడిలో తెలుగు రాయండి. ఫైలును 3.0లోనే, అన్ని భాషల అక్షరాలనూ పట్టుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కాంటాక్టును నేరుగా పంపితే పాత 2.1 పద్ధతిలో ఫైలు తయారుచేస్తాయి. అందులో మన తెలుగు అక్షరం ప్రతిదీ మూడేసి సంకేతాలుగా విడిపోయి, సమాన గుర్తు, ఈ0, మళ్లీ సమాన గుర్తు, బీ0 అంటూ వరుసల కొద్దీ సాగుతుంది. అందుకునే ఫోను దాన్ని తిరిగి తెలుగులోకి మార్చగలిగితే సరే, లేకపోతే పేరుండాల్సిన చోట ఆ గజిబిజే కనిపిస్తుంది. గూగుల్ కాంటాక్ట్స్ నుంచి తీసుకుంటే ఈ బాధ లేదు.

నంబరును ప్లస్ 91తో మొదలుపెట్టండి. సున్నాతో మొదలుపెట్టిన నంబరు విదేశంలో ఉన్నవారికి పనికిరాదు. కార్డులో మీ ఫొటో పెట్టాలనుకుంటే చాలా చిన్నది పెట్టండి. ఫొటో కూడా అక్షరాలుగా మారి ఫైలులో చేరుతుంది, అలా మారేటప్పుడు దాని పరిమాణం మూడో వంతు పెరుగుతుంది. మీ వ్యాపారంలో ముఖం కన్నా రాయే ముఖ్యం, ఫొటో లేకపోయినా లోటేమీ ఉండదు.

ఫైలు సిద్ధమయ్యాక మీ వెబ్‌సైటు చూసే అబ్బాయికో అమ్మాయికో ఇచ్చి, మీ సైటు పేరు పక్కన ఏటవాలు గీత (/), ఆ తర్వాత ‘కార్డ్’ అనే చిన్న చిరునామాలో పెట్టమనండి. ఫైలు వీకార్డ్ రకంగా అందేలా సర్వర్‌లో అమర్చమని కూడా చెప్పండి. అది చేయకపోతే కొన్ని ఫోన్లు దాన్ని ఉత్త అక్షరాల పేజీగా చూపించి ఊరుకుంటాయి. సరిగా అమర్చితే ఐఫోనులో లింకు నొక్కగానే కార్డు తెరుచుకొని, దాచుకోమంటారా అని అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఫైలు దిగుతుంది, దాన్ని ఇంకోసారి నొక్కితే కాంటాక్టుల్లో చేరుతుంది. వెబ్‌సైటు లేని పాఠకులు గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పెట్టి, లింకు ఉన్న ఎవరైనా చూసేలా అనుమతి ఇవ్వవచ్చు. రెండు మూడు నొక్కులు ఎక్కువవుతాయి, అంతే. లింకులను పొట్టి చేసే సేవలు మాత్రం వద్దు. ఎక్కడికి తీసుకెళుతుందో కనబడని లింకును జాగ్రత్తపరులు నొక్కరు, నొక్కకూడదు కూడా.

సంతకం విషయానికి వద్దాం. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, కుడివైపు పైన ఉండే పళ్ల చక్రం గుర్తు నొక్కి, అన్ని సెట్టింగులూ చూపించమనండి. ‘జనరల్’ పేజీలో కిందికి జరుపుతూ వెళితే ‘సిగ్నేచర్’ కనిపిస్తుంది. కొత్తది సృష్టించి ఇలా రాయండి. మొదటి వరుసలో మీ పేరు. రెండో వరుసలో సంస్థ, ఊరు. మూడో వరుసలో ప్లస్ 91తో ఫోను నంబరు. నాలుగో వరుసలో ‘మా నంబరును మీ ఫోనులో దాచుకోండి’ అని ఇంగ్లీషులో రాసి, ఆ మాటలకు మీ కార్డు లింకు తగిలించండి. ‘డిజిటల్ కార్డు’ అని రాస్తే ఎవరూ నొక్కరు. నొక్కితే ఏం జరుగుతుందో చెప్పే మాట రాస్తే నొక్కుతారు. వాట్సాప్ మీద బేరాలు నడుపుతారు కాబట్టి ఇంకో లింకు కూడా పెట్టవచ్చు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ, ఏటవాలు గీత, తర్వాత 91తో మొదలయ్యే మీ నంబరు. ప్లస్ గుర్తు, ఖాళీలు, అడ్డగీతలు ఏవీ ఉండకూడదు.

జీమెయిల్‌లో కొత్త మెయిలుకు ఒక సంతకం, జవాబులకు వేరొక సంతకం పెట్టుకునే వీలుంది. జవాబులకు పేరు, నంబరు, లింకు ఉన్న రెండు వరుసలు చాలు. చివరగా పేజీ అట్టడుగుకు వెళ్లి ‘సేవ్ చేంజెస్’ నొక్కండి. ఆ మీట అంత కిందుంటుంది కాబట్టే చాలామంది సంతకమంతా రాసి, నొక్కడం మరిచి, పోయిందని బాధపడతారు. ఫోనులోని జీమెయిల్ యాప్‌లో సంతకం విడిగా పెట్టుకోవాలి. అక్కడ అక్షరాలు తప్ప బొమ్మలు, రంగులు ఉండవు. అందుకే కార్డు చిరునామా పొట్టిగా, చదవగలిగేలా ఉండాలన్నాను. అక్కడ దాన్ని పూర్తిగా టైపు చేయాలి.

పేరూ నంబరూ ఉన్న కార్డును అందమైన బొమ్మగా చేసి సంతకంలో అతికించే పద్ధతి ఒకటి ఈ మధ్య బాగా వ్యాపించింది. దయచేసి ఆ పని చేయకండి. ఔట్‌లుక్ వంటివి బయటి నుంచి వచ్చే బొమ్మలను మొదట చూపించవు. మీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ గడి కనిపిస్తుంది. కనిపించినా, బొమ్మలోని నంబరును వేలితో నొక్కి ఫోను చేయలేరు. చూపు లేనివారికి మెయిలును చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ దగ్గర మూగబోతుంది. సంస్థ గుర్తు ఒక్కటి చిన్నగా పెట్టుకోండి, మిగిలినదంతా అక్షరాల్లోనే ఉండాలి.

క్యూఆర్ కోడ్ సంగతి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది దాన్ని. వస్తువు మీద ఉన్న గుర్తును చేతిలోని యంత్రం చదవడం దాని ఉద్దేశం. మెయిలులో పెడితే ఏమవుతుంది? మీ కొనుగోలుదారు మెయిలును ఫోనులోనే చదువుతున్నాడనుకోండి. కోడ్ ఆ ఫోను తెర మీదే ఉంది, కెమెరా కూడా ఆ ఫోనుకే ఉంది. రెండో ఫోను తెచ్చుకుంటే తప్ప దాన్ని చదవడం చాలామందికి తెలియదు. లింకైతే వేలితో ఒక్కసారి తాకితే సరి. అందుకే ఆ కోడ్‌ను నాన్నగారి కాగితపు కార్డు వెనుక అచ్చు వేయించండి. కొత్త కార్డులు వేయించేదాకా మిగిలిన కార్డుల వెనుక చిన్న స్టిక్కరు అంటించినా చాలు. కోడ్‌లో కార్డు వివరాలన్నీ కుక్కకుండా మీ లింకు ఒక్కటే ఉంచితే గళ్లు పెద్దవిగా వచ్చి కెమెరా ఇట్టే పట్టుకుంటుంది. ‘డైనమిక్’ పేరుతో అమ్మే కోడ్ వేరొకరి వెబ్‌సైటు మీదుగా తిరిగి మీ దగ్గరికి వస్తుంది, దానికీ ఏటా రుసుమే. మీకు మామూలు కోడ్ చాలు. లింకు మారదు, అందులోని ఫైలును మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మీ సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఒక చట్టపు మాట ఉంది. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వ్యాపార ఉత్తరాల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ కార్యాలయ చిరునామా, సీఐఎన్ అనే కంపెనీ గుర్తింపు సంఖ్య, ఫోను, మెయిలు, ఉంటే వెబ్‌సైటు ఉండాలి. అప్పుడు సంతకం అడుగున ఇంకో వరుస చేర్చండి. సొంత యాజమాన్యమో భాగస్వామ్యమో అయితే అక్కరలేదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. విదేశీ కొనుగోలుదారులతో మెయిలు మీద వ్యాపారం చేసేవారిని దొంగలు ఒక పద్ధతిలో పట్టుకుంటారు. మెయిళ్లను చాటుగా చదువుతూ ఉండి, డబ్బు పంపే సమయానికి మీ పేరుతో, మీ సంతకంతోనే, ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని రాస్తారు. మీ మెయిలు చిరునామాలో ఒక్క అక్షరం మార్చి కొత్తది తెరుస్తారు. కింద సంతకం మాత్రం అచ్చు మీదే, నంబరు ఒక్కటి వారిది. అప్పుడు కొనుగోలుదారు ఆ మెయిలు కింది నంబరుకు ఫోను చేస్తే దొంగే పలుకుతాడు. మీ నంబరు ఏనాడో అతడి ఫోనులో చేరి ఉంటే, ఆ నంబరుకే చేస్తాడు, మీరే పలుకుతారు. బేరం కుదరక ముందే మీ కార్డు అవతలివారి ఫోనులో ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే. కార్డులో బ్యాంకు వివరాలు ఎప్పుడూ పెట్టకండి. కొత్త కొనుగోలుదారుకు రాసే మొదటి మెయిలులోనే ఇలా ఒక మాట రాయండి: ‘ఖాతా మారితే మేము ఫోనులో చెబుతాము. మెయిలును మాత్రమే నమ్మి డబ్బు పంపవద్దు. కింది లింకుతో మా నంబరును ఇప్పుడే దాచుకోండి.’

అంతా అయ్యాక మొదటి మెయిలు నాన్నగారికి పంపండి. మీరేమీ చెప్పకుండా పక్కన కూర్చొని, ఆయన ఆ లింకును గుర్తుపట్టి నొక్కుతారో లేదో, నొక్కాక మీ పేరు ఆయన ఫోనులో సరిగా కనిపిస్తుందో లేదో చూడండి. ఆయన ఎక్కడైనా తడబడితే ఆ చోట మాట మార్చండి. ఐఫోను ఉన్న బంధువు ఒకరి దగ్గర కూడా ఇదే చేసి చూశాకే కొనుగోలుదారులకు పంపడం మొదలుపెట్టండి.